తిన్న తర్వాత తీసిన కొలత

తిన్న మనిషి కాలేయం తినని మనిషి కాలేయం కన్నా కాస్త గట్టిగా ఉంటుంది. ఇదేమీ గొప్ప రహస్యం కాదు. కోయంబత్తూరు పీలమేడులో నేను పనిచేసిన ఆసుపత్రిలో మా గది తలుపు మీదే తమిళంలోనూ ఇంగ్లీషులోనూ అంటించి ఉండేది, పరీక్షకు వచ్చేవారు ఏమీ తినకుండా రావాలని. అది అంటించింది మా డాక్టరుగారే. ఊడిపోతే మళ్ళీ అంటించలేదేమని మమ్మల్ని కసిరేదీ ఆయనే. అలాంటి మేమే ఒకరోజు ఒక మిల్లు మిల్లంతటినీ కడుపునిండా తిన్నాక బల్ల ఎక్కించి కొలతలు తీశాం. ఆ కొలతల వల్ల ఒక ఆడమనిషి పరువూ పనీ రెండూ పోయాయి. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మండనివ్వండి, చల్లబడేదాకా ఆగితే ఇది రాయను.

ఇప్పుడు స్కానింగ్ ప్రోబ్ చేతపట్టిన పిల్లలారా, ఇది మీకోసం. మీకు మా కాలం కన్నా మంచి యంత్రాలు వచ్చాయి. నేను రిటైరై ఇంట్లో కూర్చున్న స్కానింగ్ టెక్నీషియన్ని. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. తెలుగు అక్షరాలు చిత్తూరు నుంచి వచ్చిన మా ఆయన పెళ్ళయ్యాక నేర్పించినవి. అందుకని ఎక్కడైనా తమిళం తొంగిచూస్తే సర్దుకుని చదువుకోండి.

మామూలు అల్ట్రాసౌండులో లోపలి బొమ్మ చూస్తాం. మెత్తగా ఉందో గట్టిపడిందో బొమ్మ చెప్పదు. వెనకటి డాక్టర్లు చేత్తో ఒత్తి చూసేవారు, బజారులో మామిడిపండు ఒత్తి చూసినట్టు. పక్కటెముకల చాటున ఉన్న కాలేయాన్ని ఎంతని ఒత్తుతారు? ఈ కొత్త యంత్రం ఆ ఒత్తే పని శబ్దంతో చేస్తుంది. కుడివైపు ఎముకల సందున ప్రోబ్ పెట్టి, ఊపిరి బిగబట్టమని, మీట నొక్కితే లోపల కండ చిన్నగా కదులుతుంది. ఆ కదలిక పక్కకు అలలా పాకుతుంది. మెత్తని కండలో నెమ్మదిగా, గట్టి కండలో వేగంగా. ఎంత వేగంగా పాకిందో చూసి యంత్రం ఒక అంకె ఇస్తుంది. దానికి తెలిసింది అంతే. గట్టిదనం కొవ్వు వల్లా, కామెర్ల వల్లా, గుండె జబ్బు వల్లా, తాగుడు వల్లా, లేక గంట కిందట తిన్న పొంగలి వల్లా అన్నది దానికి తెలియదు. తిన్నప్పుడు కాలేయానికి నెత్తురు ఎక్కువగా వచ్చి చేరుతుంది, బిగుతవుతుంది, అంకె పెరుగుతుంది. కడుపు ఖాళీ అయ్యాక దిగుతుంది. ఇంతకు మించి శాస్త్రం ఈ కథకు అక్కరలేదు.

ఆ యంత్రాన్ని మా ఆసుపత్రికి విరాళంగా ఇచ్చింది సూలూరు దారిలో ఉన్న ఒక నూలు మిల్లు కుటుంబం. మా అమ్మ వైపు దూరపు చుట్టాలు. ఆ ఇంటి పెద్దావిడ నాకు వరసకు పెద్దమ్మ. మిల్లు వార్షికోత్సవం రోజున పనివాళ్ళందరికీ ఉచిత కాలేయ పరీక్ష అని ప్రకటించారు. యంత్రాన్ని వ్యానులో ఎక్కించుకుని డాక్టరుగారూ నేనూ బయలుదేరాం. నన్ను తీసుకెళ్ళడానికి కారణం ఆయన దాచుకోలేదు. "మీవాళ్ళే కదమ్మా, మీ భాషలో మాట్లాడి పని నడిపించు" అన్నారు.

ఆ ఇంట్లో తరాలుగా ఒక పద్ధతి ఉంది. పిలిచిన మనిషికి, వాడు కలెక్టరు కానీ కూలివాడు కానీ, ముందు ఆకు వేస్తారు, తర్వాతే పని మాట్లాడతారు. పెళ్ళి మాటలకు వచ్చినా అంతే, పొలం తగువుకు వచ్చినా అంతే. ఖాళీ కడుపుతో మనిషిని కూర్చోబెట్టడం ఆ ఇంటికి తలవంపులు. మేము వెళ్ళేసరికి మిల్లు ఆవరణలో పందిరి కింద వరసగా ఆకులు పరిచి ఉన్నాయి. నెయ్యి కారుతున్న పొంగలి, వడ, సాంబారు, కేసరి. పెద్దమ్మ తానే గరిటె పట్టుకుని వడ్డిస్తోంది.

"వస్తివా పాపా! రా, ముందు తిను. తిన్నాకనే మీ మిషను పని" అంది నన్ను చూసి.

నేను డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. "సార్, అందరూ తినేస్తున్నారు."

"చూశానమ్మా."

"కొలతలన్నీ పెరిగిపోతాయి."

"నాకు తెలియదా?" అన్నారు ఆయన గొంతు తగ్గించి. "ఆవిడ స్వయంగా వడ్డిస్తుంటే వద్దని చెప్పమంటావా? యంత్రం ఇచ్చిన ఇల్లు. కొంచెం అటూ ఇటూ అవుతుంది, ఏమవుతుంది? క్యాంపే కదా."

క్యాంపే కదా! ఈ రెండు ముక్కలు నా ఉద్యోగంలో ఎన్నిసార్లు విన్నానో. ఆసుపత్రిలో పరీక్షకు వస్తే గడియారం చూసి, ఎప్పుడు తిన్నారని రెండుసార్లు అడుగుతాం. క్యాంపులో అడగం. క్యాంపుకు వచ్చేవాళ్ళ కాలేయాలు వేరే మట్టితో చేసినట్టు. పోనీ, తిన్న తర్వాత తీసినవని ప్రతి రిపోర్టులో ఒక ముక్క వేయించండి అన్నాను. "వేస్తే మరి క్యాంపు ఎందుకు పెట్టారని అడుగుతారు" అన్నారు. ఆ మాట నిజమే. అందుకే ఎవరైనా అడగాల్సింది.

సాయంత్రం దాకా చేశాం. పనివాళ్ళకు పందిరి పక్కన తెర కట్టి, ఆఫీసరులకు ఏసీ గదిలో. అందరూ తిన్నది ఒకే పొంగలి. చాలామంది అంకెలు మామూలు హద్దు గీత దాటాయి. గీత లోపల ఉంటే పచ్చరంగు, దాటితే పసుపు. పసుపు రిపోర్టులు కుప్పగా వచ్చాయి. ఆఫీసరులవి ఎవరివి వాళ్ళకు అంటించిన కవరులో పెట్టి ఇచ్చాం. పనివాళ్ళవి మాత్రం కట్టగట్టి మిల్లు మేనేజరు చేతికి ఇచ్చేశారు. ఒక మనిషి లోపల ఏముందో ఆ మనిషి కన్నా ముందు అతని యజమాని చదివాడు. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు.

తర్వాతి వారంలో కొందరు ఆఫీసరులు పసుపు రంగు చూసి కంగారుపడి ఆసుపత్రికి ఫోన్ చేశారు. "ఏమీ లేదండీ, తిన్నారు కదా, ఖాళీ కడుపుతో ఒకసారి రండి" అన్నారు డాక్టరుగారు నవ్వుతూ. వచ్చారు. నేనే మళ్ళీ తీశాను. అంకెలు దిగాయి. హమ్మయ్య అనుకుని క్యాంటీన్లో కాఫీ తాగి వెళ్ళిపోయారు. పనివాళ్ళకు అలా రమ్మని ఎవరూ చెప్పలేదు. చెప్పమని నేనడిగితే, మిల్లు వాళ్ళు చూసుకుంటారన్నారు.

మిల్లు వాళ్ళు చూసుకున్నారు. ఎలాగో నాకు ఒక ఉదయం తెలిసింది.

మా గది బయట బెంచీ మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. వయసు నలభై దాటి ఉంటుంది. ఉతికిన నూలు చీర, మెడలో నల్లదారానికి చిన్న శిలువ. నర్సుతో నేను తెలుగులో ఏదో అనడం విని లేచి వచ్చింది.

"అక్కా, ఆ పొద్దు మిల్లులో నా కడుపు మీద మిషను పెట్టింది మీరే గదా?"

"అవునమ్మా, ఏమయింది?"

"దాంట్లో నేను తాగేది తెలిసిందా?"

నాకు అర్థం కాలేదు. ఆమె మెల్లగా చెప్పింది. మిల్లులో పనిచేసే తల్లుల పసిబిడ్డలను చూసుకునే గదిలో ఆమె ఆయా. ఆ బిడ్డలకు పాలు పట్టేదీ, నిద్రపుచ్చేదీ ఆమే. క్రితం రోజు షిఫ్టు మారే వేళ, గేటు దగ్గర అందరూ గుమిగూడి ఉండగా మేనేజరు మైకు పట్టుకున్నాడు. పరీక్షలో కొందరి కాలేయాలు తాగుడు వల్ల చెడినట్టు తేలిందనీ, వాళ్ళను మిషన్ల దగ్గర నుంచి తప్పిస్తున్నామనీ పేర్లు చదివాడు. అన్నీ మగవాళ్ళ పేర్లే. చివర్న ఈమె పేరు. తాగే చేతుల్లో పసిపిల్లలను పెట్టలేం కాబట్టి రేపటి నుంచి వ్యర్థపు పత్తి గోడౌనుకు వెళ్ళాలని చెప్పాడట.

"మైకులో చెప్పినారక్కా" అంది. "అందరు తల్లులూ వింటిరి. లోపలికి పోయి బిడ్డలను ఎత్తుకోని వస్తిరి, నా చేతిలో ఉన్న బిడ్డను గూడా లాగుకోనిరి. నేను ఒగ మాట చెప్పేలోపల గది ఖాళీ అయిపోయె."

"నువ్వు తాగుతావా?" అని అడగడం నా పని. టెక్నీషియన్ అడగాల్సిన ప్రశ్నే. అడిగాను.

ఆమె నన్ను చూసిన చూపు మరిచిపోలేను. "మా వీధిలో సారాయి అమ్మే కడ పెట్టినప్పుడు దాని ముందర కూకున్నోళ్ళలో నేనొగదాన్ని. పోలీసులు వచ్చి లేపినా లేవలేదు. కడ ఎత్తేసినారు. ఇప్పుడు ఆ కడోడు మా సర్చి ముందర నిలబడి నగతాడు. ఇదెన్న న్యాయం అక్కా?"

"పొద్దున ఏమైనా తిన్నావా?"

"గొంతులో దిగుతాదా?"

వెంటనే బల్ల మీద పడుకోబెట్టాను. ప్రోబ్ గట్టిగా ఒత్తితే అంకె పెరుగుతుంది, అందుకని తేలిగ్గా ఆనించి మొదలుపెట్టాను. మళ్ళీ మళ్ళీ తీశాను. అన్నీ పచ్చ. ఏ లోపమూ లేని కాలేయం. డాక్టరుగారు చూశారు, సంతకం పెట్టారు, నా మొహం చూడలేదు.

"ఇప్పుడు సరిపోయింది కదమ్మా, అది తీసుకెళ్ళి చూపించు" అన్నారు ఆమెతో.

"నేను చూపిస్తే నమ్ముతారా సార్?" అంది ఆమె తమిళంలో. ఆయన ఫోన్ చేస్తానన్నారు. చేశారో లేదో నాకు తెలియదు. సెలవు పెట్టి నేనే ఆమెతో బస్సెక్కాను.

మేనేజరు మర్యాదస్తుడు. కోయంబత్తూరు మర్యాద అంతా ఆయన నాలుక మీద ఉంటుంది. "వాంగ మేడమ్, ఉక్కారుంగ" అని నాకు కుర్చీ లాగాడు. ఆమెకు కుర్చీ లేదు. రిపోర్టు తిప్పి చూసి నవ్వాడు.

"నల్ల విషయం మేడమ్, సంతోషం. చూస్తిరా, తాగేది నిలిపేసింది, అంకె దిగిపోయె. మేము చెప్పింది మంచిదే అయింది గదా."

ఎక్కువ వస్తే తాగినట్టు. తక్కువ వస్తే తాగి మానేసినట్టు. ఆ పరీక్షలో ఆమె గెలిచే దారే లేదు. ఆమె కాలేయం ఏం చెప్పినా ఆయన ముందే రాసిపెట్టుకున్న జవాబే వస్తుంది. ఆ జవాబు యంత్రంలోంచి రాలేదు, ఆమె వీధి పేరులోంచి వచ్చింది. అది ఆయనే చెప్పాడు కూడా, కోపం లేకుండా, వాన గురించి చెప్పినట్టు: "ఆ వీధి ఆళ్ళు మేడమ్, మీకు తెలవనిదా? ఆడోళ్ళు గూడా వేసుకుంటారు."

ఆమె అక్కడే నిలబడి ఉంది. ఆయన ఇదంతా అన్నది ఆమెకు అర్థమయ్యే భాషలోనే, ఆమె భాషలోనే.

"సార్" అన్నాను, "ఈ మిల్లులో ఇంకొందరికి కూడా పసుపు వచ్చింది. వాళ్ళు ఖాళీ కడుపుతో వచ్చి మళ్ళీ తీయించుకుంటే దిగింది. మరి వాళ్ళు కూడా తాగడం మానేసినట్టేనా?"

ఆయన నవ్వు పోయింది. వాళ్ళెవరో ఆయనకు బాగా తెలుసు.

"ఎవరు వాళ్ళు?" అన్న గొంతు వెనక నుంచి వినిపించింది. పెద్దమ్మ. ఆఫీసు వెనకే వాళ్ళ బంగళా. నేను వచ్చానని ఎవరో చెప్పి ఉంటారు, కాఫీ తెప్పించుకుని వచ్చింది.

"పేర్లు నేను చెప్పకూడదు పెద్దమ్మా. ఒక మనిషి ఒంటి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. ఈమె సంగతి మైకులో చెప్పినట్టు నేను చెప్పలేను."

జరిగిందంతా చెప్పాను. పెద్దమ్మ విన్నది. నేను ఆశించింది వేరు, ఆమెకు తగిలింది వేరు.

"అయితే నా పొంగలి తిన్నందుకు ఈళ్ళకు రోగం వచ్చిందంటావు?" అంది మొహం ఎర్రబడి. "మా మామగారి కాలం నుంచి ఆకు వేస్తుండాము. ఒగరికీ ఒగ నొప్పి రాలేదు. నువ్వు ఏమి చదువు చదివితివి పాపా?"

"రోగం రాలేదు పెద్దమ్మా. అంకె పెరిగింది, అంతే. ఎవరు తిన్నా పెరుగుతుంది. నువ్వు తిన్నా పెరుగుతుంది."

ఆ మాట అనడంలో నాకు ఉపాయమేమీ లేదు. కోపంలో వచ్చిన మాట. కానీ పెద్దమ్మ దాన్ని పట్టుకుంది. "సరి, నాకు చూడు. పెరగకపోతే నీతో మాట్లాడను" అంది.

మర్నాడు పొద్దున్నే కారులో దిగింది, చేతిలో క్యారియరుతో. ఆ వయసులో ఏమీ తినకుండా రావడం ఆమెకు కష్టమే. బల్ల మీద పడుకోబెట్టి తీశాను, పచ్చ వచ్చింది. లేచి మా గదిలోనే క్యారియరు విప్పి, అదే పొంగలి, అదే వడ, నన్ను చూస్తూ కసిగా తింది. కాసేపు వరండాలో కూర్చోబెట్టి మళ్ళీ తీశాను. పసుపు వచ్చింది. ప్రోబ్ గట్టిగా ఒత్తానని అంటుందేమోనని డాక్టరుగారిని కూడా తీయమన్నాను. ఆయన తీసినా అదే.

పెద్దమ్మ యంత్రం తెర వైపు చూసింది. "మా ఇంట్లో మగోళ్ళు గూడా కల్లు ముట్టరు" అంది. తర్వాత డాక్టరుగారిని అడిగింది, "ఆ పొద్దే చెప్పకూడదా సార్?" ఆమె ఆయన జవాబు కోసం ఆగలేదు. నా వైపు తిరిగి, "చెప్పినా నేను వినేదాన్ని కాదులే. జనాన్ని పిలిచి కడుపు ఎండగట్టేదా అని నిన్నే తిట్టి ఉందును" అంది. ఆ ముక్క ఒప్పుకున్న మనిషి ఆ మొత్తం వ్యవహారంలో ఆమె ఒక్కతే.

మైకులో అన్నది మైకులోనే సరిదిద్దాలని పెద్దమ్మ పట్టుబట్టింది. అసలా కోరిక ఆయాది. నోటీసు బోర్డులో వేస్తామని మేనేజరు అంటే, "మీరు నోటితో చెప్తిరి, నోటితోనే చెప్పండి. చదివేవాళ్ళు ఎంతమంది ఉండారు అక్కడ?" అని అడిగిందట. ఒప్పుకున్నారు. షిఫ్టు మారే వేళకు రమ్మని నాకూ కబురు వచ్చింది. డాక్టరుగారు కూడా వచ్చారు, కుర్చీలో కూర్చున్నారు.

గేటు దగ్గర జనం నిండిపోయారు. తలల నిండా దూది అంటుకుని దిగిన వాళ్ళూ, తలలు దువ్వుకుని ఎక్కబోయే వాళ్ళూ. ఆయా ఒక పక్కన నిలబడింది. ఆమె చుట్టూ ఖాళీ స్థలం ఉంది. మేనేజరు మైకు అందుకున్నాడు.

"క్యాంపులో వచ్చిన మిషను తప్పు మిషను. దాంట్లో ఏదో కోళారు, రిపేరు ఉండినది. అందుచేత ఆయా మీద వచ్చిన రిపోర్టు సరిగాదు. ఆమె రేపటి నుంచి గదికి రావచ్చు. అంతే." మైకు కింద పెట్టేశాడు.

మిషన్ తప్పట! వాళ్ళే కొని, వాళ్ళే పూలదండ వేసి ఇచ్చిన యంత్రం. అది ఏం కొలవాలో అది కొలిచింది. తిన్న కాలేయాన్ని పెడితే తిన్న కాలేయాన్ని చూపించింది. అబద్ధమాడింది అది కాదు. తిన్నారని తెలిసీ కొలతలు తీసిన మేము, రంగు చూసి తాగుబోతులని చదివిన ఆయన, అంతా మనుషులమే. మనుషుల్లో ఒకరికీ మచ్చ అంటకుండా ఇనుప పెట్టె మీదికి తోసేశారు. పైగా ఆయా ఒక్కదాన్నే విడిచిపెట్టారు. ఆ రోజు పేర్లు చదివిన మగవాళ్ళ మాటేమిటి? మగవాళ్ళు తాగుతారులే, చెప్పినా ఎవరు నమ్ముతారులే అని వదిలేశారు. డాక్టరుగారి వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

నేను లేచి మైకు తీసుకున్నాను. ఎవరూ ఆపలేదు. ఆపుతారని నేనూ అనుకోలేదు, ఆడమనిషి ధన్యవాదాలు చెబుతుందనుకుని ఉంటారు. ముందు తమిళంలో, తర్వాత మన తెలుగులో చెప్పాను.

"మిషను బాగానే ఉంది. ఈ పరీక్ష ఖాళీ కడుపుతో చెయ్యాలి. అది మాకు తెలుసు. మీకు తినిపించాక చేశాం. మీలో పసుపు రిపోర్టు వచ్చిన ఏ ఒక్కరూ తాగుతారని దానివల్ల తేలదు. తాగేవాళ్ళు ఉంటే ఉండొచ్చు, ఆ సంగతి ఈ మిషను చెప్పలేదు. పేర్లు చదివిన ప్రతి ఒక్కరికీ మళ్ళీ తీయాలి. ఈసారి రిపోర్టు మీ చేతికే ఇవ్వాలి. పెద్ద ఆఫీసరులకు అలాగే ఇచ్చాం."

జనంలో గోల లేచింది. వెనక నుంచి ఒక మగగొంతు, "అప్ప, ఆ పొద్దే, మాకు ఏమిటికి చెప్పలేదు?" అని అరిచింది. పెద్దమ్మ కుర్చీలోంచి లేచి, అందరికీ మళ్ళీ చేయిస్తానని మైకు లేకుండానే చెప్పింది.

ఆ తర్వాతి సంగతులు పొడిగా చెప్పేస్తాను. మళ్ళీ క్యాంపు జరిగింది, ముందు పరీక్ష, తర్వాత ఆకు. చాలామందికి దిగింది. కొందరికి దిగలేదు, వాళ్ళకు నిజంగానే జబ్బు ఉంది, మందులు మొదలయ్యాయి. మొదటి రోజే సరిగా చేసి ఉంటే వాళ్ళెవరో ఆ రోజే తెలిసేది. అది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నన్ను మాత్రం మేట్టుపాళయంలోని మా శాఖకు, ఎక్స్‌రే గదికి పంపారు. దాతల మనసు నొప్పించానట. రిటైరయ్యేదాకా అక్కడే వక్క మండీల కూలీల విరిగిన చేతులకు ఫిల్ములు తీశాను. డాక్టరుగారు పెద్ద పదవికి వెళ్ళారు, సభల్లో ఈ యంత్రం గురించి చాలా బాగా మాట్లాడతారని విన్నాను.

మీరు ఇది చదివి జాలిపడి పక్కన పెట్టెయ్యకండి. రేపు మిమ్మల్నీ క్యాంపుకు తీసుకెళతారు. తిన్నారా అని అడగండి. తిన్నవాళ్ళను పంపెయ్యండి. మీ పైవాళ్ళు క్యాంపే కదా అంటే, మీ అమ్మను పడుకోబెట్టినా ఇలాగే తీస్తారా అని ముఖం మీద అడగండి. ఉద్యోగం పోదు. మహా అయితే ఎక్స్‌రే గదికి పోతారు.

ఆ సాయంత్రం గేటు దగ్గర ఇంకొకటి జరిగింది. నేను మైకు దించాక జనం కొంత పలచబడ్డారు. ఆ రోజు ఆయా చేతిలోంచి తన బిడ్డను లాక్కుని వెళ్ళిన తల్లి ముందుకు వచ్చింది, స్పిన్నింగులో పనిచేసే చిన్న వయసు పిల్ల. చంకలో ఏడాది నిండని బిడ్డ. ఆయాను చూసి ఆ బిడ్డ చేతులు చాపి గుక్కపట్టింది. తల్లి తల వంచుకుని బిడ్డను ముందుకు అందించింది.

ఆయా చేతులు చాపలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ముందు నా నోరు వాసన చూడు" అంది. "అందరి ముందరా చూడు. తరువాత ఇయ్యి బిడ్డను."

"వద్దక్కా" అంది ఆ పిల్ల ఏడుస్తూ.

"చూడు."

బిడ్డ ఏడుస్తూనే ఉంది. ఆ తల్లి చుట్టూ చూసింది, మేనేజరు వైపు, డాక్టరుగారి వైపు, నా వైపు. చివరికి ఆ పిల్ల కళ్ళు మూసుకుని, ఆయా నోటి దగ్గరికి ముఖం తీసుకెళ్ళింది.